పన్నెండు గంటల అప్‌డేట్

గూఢచారి ఏజెన్సీ చీఫ్ ఫైల్ తెరవలేదు. తెరవకుండా చెబుతున్నాడంటే విషయం పెద్దదని అర్థం.

"పందొమ్మిది మంది మన ఏజెంట్ల పేర్లు బయటికి పోతున్నాయి. దారి, స్వరాలు రాసుకునే ఒక మ్యూజిక్ సాఫ్ట్‌వేర్. ఇవాళ పన్నెండింటికి దాని అప్‌డేట్ వెళ్తుంది. అందులోని స్కోర్లలో, అంటే స్వరాలు రాసిన పేజీల్లో, ఒకదాంట్లో లిస్టుంది. ఒక్కో స్వరం ఒక్కో అక్షరం. కోడ్ పట్టిక దొరికింది. ఏ స్కోరో తెలీదు."

"అప్‌డేట్ ఆపేస్తే?"

"మనం కనిపెట్టామని శత్రువులకి తెలిసిపోతుంది. ఇంకో దారి వెతుక్కుంటారు. లిస్టు వెళ్ళినట్టే ఉండాలి, వెళ్ళకూడదు." చీఫ్ కిటికీ వైపు చూశాడు. "అందులో మీ తమ్ముడున్నాడు."

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఎప్పుడూ ఏదో ఒకటి బాగుచేసే వేషమే పడటంతో చీఫ్ ఎదుట నిలబడ్డ ఏజెంటుకి 'మెకానిక్' అన్న పేరు స్థిరపడిపోయింది. ఈసారి ప్రింటర్ మెకానిక్. టూల్‌బ్యాగ్ భుజం కోస్తోంది. కెమెరా దాచిన కళ్ళజోడు చెవి వెనక కాలుతోంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీ లాబీలో ఒకామె ఎదురొచ్చింది. గోడల మీది పోస్టర్లన్నిటిలో ఉన్న ముఖమే. ఊరంతా తిరిగి చూసే చెలో వాద్య కళాకారిణి, కంపెనీ సలహాదారు, లోపల ఏజెన్సీ మనిషి. పదేళ్ళ కిందట ఆమెకి ట్రైనింగ్ ఇచ్చింది మెకానిక్కే.

"పేపర్ ఎక్కడ ఇరుక్కుంది?" అన్నాడు.

"రెండో ట్రేలో." గుర్తుమాట సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "స్కోర్లన్నీ నేనే చూశాను సార్, శుభ్రంగా ఉన్నాయి. నాకు అనుమానం ప్రూఫ్‌రీడర్ మీదే. మూడో అంతస్తు."

మూడో అంతస్తులో ఓ మూల గదిలో అరవై దాటిన ఆ ప్రూఫ్‌రీడర్ స్క్రీన్‌కి ముక్కు ఆనించి కూర్చుంది. ఆఫీసంతా ఆవిడని పిన్నిగారంటారు.

"ప్రింటర్ పక్క గదిలో బాబూ," అంది తలెత్తకుండా. "ఆగు. నీకు ఊపిరితిత్తులున్నాయి కదా, ఇది చూడు. ఫ్లూట్‌కి రాసిన పాఠం. నాలుగు పేజీలు. ఊపిరి తీసుకోడానికి ఒక్క చోటైనా వదల్లేదు. మనిషన్నవాడు వాయించాలని రాసింది కాదిది."

"ఎవరు రాశారండీ?"

"ఆ పోస్టర్లమ్మాయే. నిన్న సాయంత్రం పెట్టి, దీన్ని ముట్టుకోవద్దంది."

మెకానిక్ మొదటి వరస చదివాడు. పట్టిక అతనికి కంఠతా వచ్చు. తొమ్మిది స్వరాలు, తొమ్మిది అక్షరాలు: తమ్ముడి మారుపేరు. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆ పిల్లకి అబద్ధమాడటం నేర్పింది తనే. బాగానే నేర్చుకుంది.

పదకొండూ యాభై ఎనిమిది. గుర్తింపు కార్డు చూపించి, రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. ఆవిడ ఒక్కటే అడిగింది.

"తప్పు లిస్టు వెళ్తే చాలా?"

"చాలు."

"అన్ని స్వరాలూ ఒక్క మెట్టు పైకి జరిపితే సరి." ఆవిడ స్కోరంతా సెలెక్ట్ చేసింది. పేజీలు నీలంగా మారాయి.

"చేతులు పైకెత్తండి, పిన్నిగారూ."

గుమ్మంలో చెలో కళాకారిణి. చేతిలో చిన్న పిస్టల్.

పిన్నిగారు చేతులెత్తింది, మెల్లగా, మోకాళ్ళ నొప్పులున్న మనిషి లేచినట్టు. ఎత్తుతూ ఎత్తుతూ చిటికెనవేలితో బాణం గుర్తున్న ఒక మీట నొక్కింది. గోడ గడియారం పన్నెండు చూపించింది. స్క్రీన్ మీద 'అప్‌డేట్ విడుదలైంది' అని పడింది.

ఆమె నవ్వబోయి, పేజీ వైపు చూసింది. సంగీతం తెలిసిన మనిషి కనక ఒక్క చూపే చాలింది. ముఖం పాలిపోయింది.

"ఇప్పుడు వాళ్ళు లేని మనుషుల కోసం వెతుకుతారు," అన్నాడు మెకానిక్. "దొరక్కపోతే నిన్ను అడుగుతారు. వాళ్ళు ఎలా అడుగుతారో నీకు తెలుసు. మాతో రా, అదే నయం."

పిస్టల్ మెల్లగా కిందికి దిగింది.

"అలిసిపోయాను సార్," అంది ఆమె, పిస్టల్ బల్లమీద పెడుతూ.

"నేనూనమ్మా."

సాయంత్రం రిపోర్ట్ ఫారం నింపుతూ 'వాడిన ఆయుధం' అన్న గడి దగ్గర అతను కాసేపు ఆగాడు. తర్వాత రాశాడు: 'బాణం. ఒకటి. పైకి చూపేది. కీబోర్డులోనే వదిలి వచ్చాను.'