పందొమ్మిదో గదిలో పొంగినది

సౌదీలో మా దమ్మామ్ క్యాంపులో పందొమ్మిదో నంబరు గదికి మంచి పేరు లేదు. నాకు ముందు ఇక్కడ వంట చేసిన రత్నరాజు ఆ గదిలోనే నిద్రలో పోయాడు. అప్పట్నించీ దానికి తాళం. ఏసీ పీకేశారు, కరెంటు తీసేశారు. అతని ఇడ్లీ దూదిలా ఉండేదని ఇప్పటికీ నా మొహం మీదే అంటారు. అననీ.

వాచ్‌మన్ బాషా చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా.

ఒక గురువారం రాత్రి ఇషా నమాజు అయ్యాక అటు వెళ్తున్నాడు. లోపల్నించి… బుడుక్… బుడుక్… ఎవరో నీళ్ళలో మునిగి ఊపిరి వదిలినట్టు. ఆగాడు. అదీ ఆగింది. అడుగేశాడు—

ఠాప్!

తలుపు కిందనుంచి తెల్లగా, మెల్లగా ఏదో పాక్కుంటూ వచ్చి అతని చెప్పు పట్టుకుంది.

చెప్పు వదిలేసి, గేటు వదిలేసి రోడ్డెక్కాడు. సరిగ్గా అప్పుడే క్యాంప్ బాస్ కారు వచ్చింది. "దెయ్యమా? ఆదివారం నీకు ఫైనల్ ఎగ్జిట్, ఇక ఇంటికే," అన్నాడు. ఊళ్ళో బాషా భార్యకి ఆపరేషన్ పెట్టుకుని ఉన్నారు.

తెల్లారి వెళ్ళి చూశా. తలుపు ముందు నేల తుడిచి ఉంది. చెప్పు కడిగి పక్కన పెట్టి ఉంది. దెయ్యాలు చెప్పులు కడగవు. గడప సందున వేలు పెట్టి వాసన చూశా. మినప్పప్పు!

తిన్నగా ల్యాబు కెమిస్టు హేమసుందర్ దగ్గరికి పోయా. ఆ వారం నా వంటింట్లో మినప్పప్పు అడిగి పట్టుకెళ్ళింది అతనొక్కడే. రెండేళ్ళ కిందట నా ఇడ్లీని సిమెంటు ఇటుక అన్నాడు. నేను మరిచిపోలేదు. గురువారం రాత్రుళ్ళు మాకు పాత దెయ్యం సినిమాలు వేసేదీ అతనే.

"నిన్నటి సినిమాలో ఆ సైంటిస్టు ఎందుకు చచ్చాడు బాబూ?"

"రాక్షసుణ్ణి చేసినందుకు కాదు బాబాయ్. అది జనం మీద పడ్డాక కూడా నాదేనని ఒప్పుకోనందుకు."

"ఒప్పుకుంటే?"

"ల్యాబు పోతుంది. మనిషి మిగులుతాడు."

"మరి నీ రాక్షసుడికి మినప్పప్పు ఎంత పోశావ్?"

మొహం పాలిపోయింది. మెల్లిగా చెప్పాడు. ఏసీ గదుల్లో పిండి పొంగదు. రత్నరాజు ఇడ్లీ తనూ చెయ్యాలని, డూప్లికేట్ తాళంచెవితో ఆ ఉడుకు గదిలో పెట్టాడట. బకెట్టు నిండా పోసి, మూత బిగించి! పిండికి చోటు వదలాలని అంత చదివినవాడికి తెలీదు.

"చెప్తే నన్ను కువైట్ సరిహద్దున ఖఫ్జీ సైటుకి తోస్తారు బాబాయ్… మీరు చెప్పరు కదా?"

"నీ సినిమాలో నాకు వేషం లేదు. చెప్పేది నువ్వే. లేకపోతే విమానం ఎక్కేది బాషా."

శనివారం బాస్ దగ్గరికి వెళ్ళి ఒప్పుకున్నాడు. బాషా నిలిచాడు. హేమసుందర్ ఖఫ్జీ పోయాడు. దారికి నా ఇడ్లీలే కట్టిచ్చా. తిననీ.

గది కడిగే పని నాకు పడింది. తలుపు తీశా. గోడల నిండా పిండి. మూలన మాత్రం శుభ్రంగా ఒక స్టీలు ప్లేటు… అందులో రెండు ఇడ్లీలు.

పొయ్యి లేదు. కరెంటు లేదు. ముట్టుకున్నా—

వేడి.

తుంచి నోట్లో వేసుకున్నా. దూది. చుట్టూ చూసి రెండోదీ తినేశా.

ఇప్పుడు క్యాంపంతా నా ఇడ్లీనే మెచ్చుకుంటోంది. నేను కాదనడం లేదు.

మొన్న బాషా గుసగుసగా అడిగాడు. "పెద్దాయనా… ఆ గదిలో మళ్ళీ బుడుక్ బుడుక్ అంటోంది…"

"దెయ్యాల్లేవు, గియ్యాల్లేవు. పోయి గేటు చూసుకో," అన్నాను.

ఈసారి బకెట్టులో చోటు వదిలే పెట్టాను మరి.