బొగ్గుతో అత్తయ్య

ఆ ఇంట్లో తెల్లవారిందంటే అత్తగారి చేతిలో గుడ్డ ఉండాల్సిందే. కిటికీలు, బల్లలు, కుర్చీ కాళ్లు, ఆఖరికి గడియారం వీపు కూడా తుడుస్తుంది. దుమ్మంటే ఆవిడకి అంత పగ.

కోడలు పది రోజులుగా బొగ్గుతో ఆవిడ బొమ్మే వేస్తోంది. ఈ సాయంత్రం అయిదులోగా మనిషి మొహం బొమ్మ ఒకటి ఇస్తేనే బడిలో డ్రాయింగు టీచరు ఉద్యోగానికి పిలుస్తారు. లేకపోతే మళ్లీ ఏడాది ఆగాలి. పోలికలు కుదిరేవి, ప్రాణమే వచ్చేది కాదు. కదలకుండా కూర్చోమంటే చాలు, అత్తగారు గుర్తింపు కార్డు ఫొటోకి దిగినట్టు బిగుసుకుపోయేది. బొగ్గు కాస్త ఒత్తితే బొమ్మలో మొహం మాడిపోయేది, వేలితో అద్దితే వెలిసిపోయేది. నిన్నటికి, హమ్మయ్య, కళ్లు కుదిరాయి.

కోడలు స్నానం చేసి వచ్చేసరికి బల్ల మీది కాగితమంతా అలికేసినట్టుంది. కళ్లూ లేవు, ముక్కూ లేదు.

"నల్లగా పొడి పేరుకుందమ్మా. పైపైన దులుపుదామని..." అత్తగారు మసి గుడ్డ వెనక్కి దాచుకుంది.

కోడలికి ఒళ్లు మండింది. "ఈ ఇంట్లో ఏదీ మీ గుడ్డ బారి నుంచి బతకదా అత్తయ్యా? పది రోజుల కష్టం అది."

అంత మాట ఆ ఇంట్లో ఎవరూ అని ఎరగరు. మామగారు పేపరు మడిచి మెల్లగా వరండాలోకి జారుకున్నాడు. తెలివైనవాడు.

అత్తగారి చేతికి బొగ్గు అంటుకునే ఉంది. ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుంది, చెంప నిండా మసి. "నా చేతులు పడిపోను. ఉద్యోగం పోతుందా తల్లీ? ఇప్పుడు నేనేం చెయ్యాలో చెప్పు," అంది.

కోడలు ఆ మొహం చూసింది. పుట్టింట్లో తన బొమ్మల కట్ట పాత కాగితాలవాడికి వేసేసినప్పుడు ఎవరూ అయ్యో అనలేదు. పీడ విరగడైందన్నారు. ఇప్పుడు కోపం ఎటు పోయిందో పోయింది.

"కదలకండి అత్తయ్యా. మొహం కడుక్కోకండి."

ఈసారి సిరా తీసింది. బొగ్గయితే దిద్దుకోవచ్చు, సిరా గీత పడితే పడినట్టే. అయినా ఆగలేదు. కళ్లు, ముడతలు, అదిరే పెదవి సిరాతో గీసి, చెంప మీది మసి మాత్రం బొగ్గుతో అద్దింది.

అత్తగారు చేతులు వెనక్కి కట్టుకుని దూరం నుంచే తొంగిచూసింది. "ఏడుపు మొహం వేశావేమే? కోడలు రాచిరంపాన పెడుతోందనుకుంటారు."

"నా బొమ్మ పోయిందని ఏడ్చినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరత్తయ్యా." అత్తగారు గుడ్డ పక్కన పడేసి కోడలిని దగ్గరికి తీసుకుంది.

నాలుగున్నరకి ఇద్దరూ బడికి బయలుదేరారు. చెంప మీది మసి కడుక్కోమంటే అత్తగారు ససేమిరా అంది. ఆ బొమ్మలో ఉన్నది తనేనని అక్కడ అందరికీ తెలియాలట.