అమ్మమ్మది అయిపోయిందట

"అయిపోయిందా? అదేంటండీ! మళ్ళీ ఒక్కసారి చూడండి."

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. శనివారం మధ్యాహ్నం. ఉడత పక్కగదిలో నేలమీద బోర్లా పడుకుని బొమ్మకి రంగులు వేస్తోంది.

ఉడత ఆ అమ్మాయి అసలు పేరు కాదు. ఒక్కచోట కుదురుగా కూర్చోదని అమ్మమ్మ అలా పిలిచేది. ఇంట్లో అదే నిలిచిపోయింది.

అమ్మ మాట్లాడేది వీసా ఏజెంటుతో అని ఉడతకి తెలిసిపోయింది. అమ్మ అంత బతిమాలుతున్నట్టు మాట్లాడేది ఆయనతోనే. రంగుల పెన్సిల్ కింద పడేసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వెళ్ళింది.

అమ్మ ఆ ఫోన్ పెట్టేసి నాన్నకి చేసింది.

"ఏమండీ, అమ్మది అయిపోయిందట... అవును, ఇప్పుడే చెప్పాడు... సాయంత్రం మాట్లాడుకుందాం. పాప ముందు మాత్రం ఏమీ అనకండి."

ఉడత గుండె ఎగిరి గంతేసింది. అమ్మమ్మ వీసా అయిపోయింది! అమ్మమ్మ వచ్చేస్తోంది!

తలుపు సందులోంచి తొంగి చూసింది. అమ్మ సింకు పట్టుకుని అటు తిరిగి నిలబడి ఉంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది అనుకుంది ఉడత. ఎక్కువ సంతోషం వస్తే అమ్మ అలాగే నవ్వుతుంది, చప్పుడు లేకుండా.

మరి నాకెందుకు చెప్పొద్దంది? ఉడతకి చటుక్కున తట్టింది. వచ్చే వారం నా పుట్టినరోజు కదా! సర్‌ప్రైజ్!

అమ్మ డ్యూటీకి తయారవడానికి బాత్‌రూమ్‌లోకి వెళ్ళింది. ఉడత టాబ్లెట్ తీసుకుని మంచం మూలకి దూరి, అమ్మమ్మకి వీడియో కాల్ చేసింది.

అక్కడ సొంతూళ్ళో అమ్మమ్మది బట్టలు కుట్టే షాపు. షాపంటే పెద్దదేమీ కాదు. మెట్ల కింద ఒక గది. అందులో ఒక మిషను, ఒక బల్ల, గోడకి మేకులు, మేకులకి కుట్టిన జాకెట్లు, కుట్టాల్సిన జాకెట్లు. తాతయ్య పోయాక కూతుర్ని చదివించిందీ, పెళ్ళి చేసిందీ ఆ మిషను మీదే.

"ఏమే ఉడతా, ఈ వేళప్పుడు చేశావేంటి?" మిషను తొక్కుతూనే అంది అమ్మమ్మ.

"అమ్మమ్మా, నీకొక రహస్యం చెబుతా. ఎవరికీ చెప్పకూడదు."

"చెప్పనులే."

"నీ వీసా అయిపోయింది!"

మిషను ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"అయిపోయిందట! అమ్మ నాన్నతో అంటుంటే నా చెవులారా విన్నాను. నా పుట్టినరోజుకి సర్‌ప్రైజ్‌గా చెబుతారు. నువ్వు ముందే అడిగావో, అంతా పాడైపోతుంది."

అమ్మమ్మ కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ తీసింది.

"అడగను తల్లీ. నోరు కుట్టేసుకుంటాను. సూదీ దారం నా దగ్గరే ఉన్నాయిగా."

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

అమ్మమ్మని ఈ దేశానికి తెచ్చుకునే ఆ వీసా కోసం అప్లికేషన్ పెట్టేనాటికి ఉడత ఇంకా బడిలో చేరలేదు. ఇప్పుడు ఐదో క్లాసు. ఆ వీసాకి రెండు వరసలుంటాయని నాన్న ఒకసారి చెప్పారు. తక్కువ డబ్బు కట్టే వరస, ఎక్కువ డబ్బు కట్టే వరస.

"తక్కువ వరసలో నిలబడితే జుట్టు నెరిశాక గానీ రాదు," అన్నారు నాన్న.

"అమ్మమ్మ జుట్టు ఇప్పటికే నెరిసిపోయిందిగా?"

"అందుకేగా ఎక్కువ వరసలో నిలబడ్డాం!"

ఆ వరస కోసమే నాన్న ఆదివారాలు కూడా ఇళ్ళల్లో టైల్స్ వేయడానికి వెళ్ళేవారు. ఇంటికొచ్చాక మోకాళ్ళ మీద ఐస్ పెట్టుకునేవారు. అమ్మ పనిచేసేది ముసలివాళ్ళుండే హోమ్‌లో. వాళ్ళకి స్నానం చేయించడం, మందులు వేయడం, జుట్టు దువ్వడం అమ్మ పని. ఆ వరస కోసమే రెండేసి డ్యూటీలు చేసేది.

"వాళ్ళంతా ఎవరి అమ్మలు?" అని ఉడత ఒకసారి అడిగింది.

"ఎవరెవరి అమ్మలో!"

"మరి మన అమ్మమ్మకి ఒంట్లో బాగోకపోతే ఎవరు దువ్వుతారు?"

అమ్మ లంచ్‌బాక్స్ తీసుకుని వెళ్ళిపోయింది.

పుట్టినరోజు వచ్చింది. ఉడతకి కొత్త బూట్లు కొన్నారు. మంచి బూట్లే. కానీ ఉడత బూట్ల పెట్టె పక్కకి పెట్టి అమ్మ మొహంలోకి చూస్తూ కూర్చుంది.

"ఇంకేం లేదా?"

"ఇంకేం కావాలే నీకు?" అంది అమ్మ.

అప్పుడే అమ్మమ్మ నుంచి వీడియో కాల్ వచ్చింది. అమ్మమ్మ తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని ఉంది. మొహం వెలిగిపోతోంది. ఆమె వెనక గోడకి మేకులు తప్ప ఇంకేమీ లేవు.

"అదేంటమ్మా, షాపు ఖాళీగా ఉందేంటి?" అంది అమ్మ. "సున్నం వేయిస్తున్నావా?"

"ఇంకా ఎంతసేపు దాస్తావే?" అమ్మమ్మ నవ్వింది. "ఇక చెప్పేయ్. టికెట్టు ఎప్పటికి తీశారు?"

"ఏ టికెట్టు?"

"చాల్లేవే నాటకాలు! షాపు ఖాళీ చేస్తానని ఓనరుకి చెప్పేశాను. ఆయన దాన్ని సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడికి ఇచ్చేశాడు. రేపు తాళాలిచ్చేయాలి. మిషను అమ్మేశాను. దాన్ని విమానంలో తేలేనుగా!"

అమ్మ కుర్చీలో కూలబడింది.

"అమ్మా... మిషను అమ్మేశావా?"

"మరి? వీసా అయిపోయిందిగా!"

"అయిపోయింది వీసా కాదమ్మా," అంది అమ్మ. "నీ మెడికల్ పరీక్షల గడువు. నీ ఫైలు ముట్టుకోకుండా ఇన్నాళ్ళు కూర్చోబెట్టి, ఇప్పుడు నీ రిపోర్టులు పాతబడిపోయాయంటున్నారు. మళ్ళీ పరీక్షలన్నీ చేయించాలి. మళ్ళీ డబ్బు కట్టాలి. మళ్ళీ ఆగాలి."

ఉడతకి ఇప్పుడు అర్థమైంది. అమ్మ ఆ రోజు సింకు దగ్గర నవ్వలేదు. ఏడ్చింది.

అమ్మమ్మ మొహంలో వెలుగు కొంచెం కొంచెంగా తగ్గిపోయింది.

"అసలు వీసా అయిపోయిందని నీకెవరు చెప్పారు?" అంది అమ్మ.

అమ్మమ్మ కళ్ళు ఒక్క క్షణం ఉడత వైపు తిరిగాయి.

"ఎవరూ చెప్పలేదు," అంది అమ్మమ్మ. "నాకే అలా అనిపించింది."

"అనిపిస్తే షాపు వదిలేసుకుంటారా ఎవరైనా? చిన్నపిల్లవా నువ్వు? ఒక్క ఫోన్ చేసి అడగొద్దా?"

"తప్పేనే. కోప్పడకు. పాప పుట్టినరోజు ఇవాళ." అమ్మమ్మ నవ్వబోయింది. "ఉడతా, బూట్లు బాగున్నాయే. ఏదీ, వేసుకుని చూపించు."

ఉడత బూట్లు వేసుకుని చూపించింది. నేనే చెప్పానని అందామనుకుంది. లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది.

రేపు చెబుతా అనుకుంది. రేపు వచ్చింది. సాయంత్రం చెబుతా అనుకుంది. చెప్పకుండా గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది. అమ్మమ్మ ఫోన్ చేస్తే "హోంవర్క్ ఉంది" అని తప్పించుకునేది. అమ్మమ్మ "సరేలే, చదువుకో" అనేది. ఆ "సరేలే" వింటే ఉడతకి అన్నం సహించేది కాదు.

ఒక సాయంత్రం అమ్మా నాన్నా వంటింట్లో మాట్లాడుకుంటున్నారు.

"నాకు భయంగా ఉందండీ," అంటోంది అమ్మ. "హోమ్‌లో రోజూ చూస్తున్నానుగా. మతిమరుపు ఇలాగే మొదలవుతుంది. జరగనివి జరిగాయంటారు. ఎవరు చెప్పారని ఎన్నిసార్లడిగినా, నాకే అనిపించింది అంటోంది అమ్మ."

"ఒక్కసారికే అలా అనుకుంటే ఎలా?" అన్నారు నాన్న.

"ఆ కొత్త మెడికల్‌లో మతిమరుపని ఒక్క ముక్క రాశారనుకోండి, ఇక అంతే. ఎప్పటికీ రానివ్వరు. ఈ కట్టిందంతా ఏట్లో పోసినట్టే. ఇక్కడితో ఆపేద్దామా?"

నాన్న మోకాళ్ళ మీద ఐస్ సర్దుకున్నారు.

ఉడత తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"అమ్మమ్మకి మతిమరుపు లేదు," అంది. "నేనే చెప్పాను. నువ్వు ఫోన్లో అయిపోయిందంటే, వీసా అనుకుని అమ్మమ్మకి చెప్పేశాను. నిన్ను అడగొద్దని కూడా నేనే చెప్పాను."

అమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. కొట్టలేదు. అరవలేదు. దానికే ఉడతకి ఎక్కువ భయం వేసింది.

"తలుపు పక్కన నిలబడి విన్నావు సరే," అంది అమ్మ చివరికి. "లోపలికొచ్చి ఒక్క మాట అడగలేకపోయావా?"

"మంచి మాట కదా... నేనే ముందు చెప్పాలనుకున్నా."

"మరి ఆ రోజు? నేను మా అమ్మని నీ ముందే అన్ని మాటలంటుంటే?"

ఉడత తల దించుకుంది. కన్నీళ్ళు పాదాల మీద పడ్డాయి.

"మనం కూడా పాప దగ్గర దాచాం కదా," అన్నారు నాన్న మెల్లగా. "చెప్పి ఉంటే సరిపోయేది."

అమ్మ పొయ్యి ఆపేసింది. చేతులు తుడుచుకుని ఉడత ముందు కూర్చుంది.

"నీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. ఉంది. కొన్నాళ్ళు ఉంటుంది. ఇప్పుడు నేనూ నువ్వూ కలిసి అమ్మమ్మకి ఫోన్ చేద్దాం. మాటలన్నది నేను. క్షమించమని ముందు నేనడగాలి."

ఫోన్లో అమ్మ ముందు మాట్లాడింది. మాట్లాడుతూ ఏడ్చింది. తరవాత ఉడత టాబ్లెట్ తీసుకుంది.

"అమ్మమ్మా, నావల్లే నీ మిషను పోయింది."

"ఆ మాట నిజమే," అంది అమ్మమ్మ. "కానీ అంతా నీ నెత్తిన వేసుకోకు. మీ అమ్మకి ఒక్క ఫోన్ చేస్తే తెలిసేది. అడిగితే కాదంటుందేమోనని భయమేసి, నేనూ అడగలేదు. నాకూ ఆ మాటే నిజం కావాలనిపించింది మరి."

ఉడత వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మమ్మ ఏడవనిచ్చింది.

షాపు తిరిగి రాలేదు. అక్కడ సెల్‌ఫోన్ల బోర్డు వేలాడుతోంది. కొత్త మిషను కొందామంటే, ఉన్న డబ్బంతా మళ్ళీ పరీక్షలకీ ఫీజులకీ పోయింది. అమ్మమ్మ తనుండే గదిలోనే కూర్చుని, వేరే టైలర్ల దగ్గర్నుంచి తెచ్చుకున్న జాకెట్లకి హుక్కులు కుట్టేది. ఒకప్పుడు వాళ్ళలో ఇద్దరు అమ్మమ్మ దగ్గరే పని నేర్చుకున్నారు. ఇప్పుడు వాళ్ళు పనిస్తే అమ్మమ్మ చేస్తోంది.

మెడికల్ మళ్ళీ అయింది. రిపోర్టులన్నీ బాగానే వచ్చాయి. కాగితాలు మళ్ళీ పంపారు. వీసా ఆఫీసు నుంచి ఒక్క ముక్క జవాబు లేదు.

ఒక ఆదివారం ఉదయం అమ్మమ్మే ఫోన్ చేసింది.

"ఉడతా, ఒక సంగతి అడగాలే. కిరాణా కొట్టాయన తన వరండాలో ఒక మూల ఇస్తానంటున్నాడు. అద్దె మిషను ఒకటి దొరికింది. మళ్ళీ కుట్టుకోవచ్చు. కాకపోతే ఏడాది పాటు వదలకూడదంటున్నాడు. మధ్యలో వెళ్ళిపోతే అడ్వాన్సు ఇవ్వడట."

అమ్మమ్మ ఆగింది. దారం కొరికింది.

"ఈలోపు వీసా వస్తే ఆ డబ్బు దండగ. రాదంటే తీసుకుంటాను. వస్తుందంటావా?"

ఇదివరకైతే ఉడత ఆలోచించేదే కాదు. "వచ్చేస్తుంది అమ్మమ్మా! వచ్చే నెలే!" అనేది. ప్రతిసారీ అలాగే అనేది. ఇప్పుడు కూడా ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఉండు అమ్మమ్మా, అడిగి వస్తా."

అమ్మ అప్పుడే రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫామ్ కూడా విప్పకుండా సోఫాలో వాలిపోయింది. ఉడత పక్కన కూర్చుని అంతా చెప్పింది.

"ఏడాదిలో వీసా వస్తుందా అమ్మా? నిజం చెప్పు."

అమ్మ కళ్ళు తెరిచి పైకప్పు వైపు చూసింది.

"వస్తుందనే ఆశ ఉంది నాకు," అంది. "వస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. మొన్న ఏజెంటుని అడిగితే, ఈ ఏడాది మీద ఆశ పెట్టుకోకండి అన్నాడు."

ఉడత తిరిగి గదిలోకి వచ్చింది. టాబ్లెట్‌లో అమ్మమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఎక్కడం లేదు. దారం చివర తడి చేసి మళ్ళీ ప్రయత్నిస్తోంది. దారం ఎక్కేదాకా ఉడత ఆగింది.

"అమ్మమ్మా, ఈ ఏడాది రాకపోవచ్చట. ఏజెంటే అన్నాడట."

అమ్మమ్మ తల ఊపింది.

"ఆ చోటు తీసుకో అమ్మమ్మా," అంది ఉడత. "ఏడాదికి తీసుకో."