ముప్పై ఏడో బెజ్జం

భిలాయి-3 దాటి చరోదా రైల్వే యార్డు వైపు పోతుంటే, ఎడంచేతి పక్క ఒక రేకుల షెడ్డుండేది. ఇనప డ్రమ్ములు చేసే వర్క్‌షాపు. ముందు భాగంలో ఎప్పుడూ జనమే. వెనక గది వైపు మాత్రం దీపాలు పెట్టాక ఎవడూ తొంగి చూసేవాడు కాదు.

ఎందుకంటే ఆ గదిలోనే సత్యారావు పోయాడు.

సత్యారావు మార్కింగ్ మేస్త్రి. డ్రమ్ము మీద బెజ్జాలకి గుర్తులు పెడుతూ పెడుతూ, పంచ్ చేతిలో ఉండగానే ముందుకి వొరిగిపోయాడు. మళ్ళీ లేవలేదు. తొంభై ఆరులో ఆ గదిలోకే కంప్యూటర్ తెచ్చి పెట్టారు. అప్పట్నుంచి మొదలైంది అంటారు...

సాయంత్రం కంప్యూటర్లో గీసిన డ్రమ్ము బొమ్మలో ముప్పై ఆరు బెజ్జాలు. తెల్లారేసరికి ముప్పై ఏడు!

ఒకసారి కాదు — రెండుసార్లు.

"రాత్రి లోపల వెలుగొస్తాది బాబూ," అని చౌకీదారు ఒట్టేశాడు. "ముందు తలుపు తాళం తాళంలాగే ఉంటాది. భూత్ హై!"

విన్నవాళ్ళు కొందరు నవ్వారు. నరసింగరావు నవ్వలేదు.

నరసింగరావుకి అరవై రెండు. ఉక్కు ప్లాంటులో ముప్పై మూడేళ్ళు గుర్తులు పెట్టి, రిటైరై, సెక్టర్ 2 క్వార్టరు ఖాళీ చేసి ఇక్కడ చేరాడు. చదువంటే సంతకం వరకే. అంకెల దగ్గర మాత్రం దేవుడొచ్చి చెప్పినా వినడు, తన కంపాసుతో తను కొలిచి చూసుకోవలసిందే. సత్యారావుతో ఆయనకి పన్నెండేళ్ళు మాటల్లేవు. ఒకనాడు ప్లాంటు క్యాంటీన్లో నలభైమంది ముందర సత్యారావు, "మా నరసింగం నోటీసుని తలకిందులుగా పట్టుకుని కూడా తలూపేస్తాడర్రా!" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. అంతే. ఆ తర్వాత వాడి ముఖం చూడలేదు. వాడు పోతే శవం దగ్గరికీ వెళ్ళలేదు.

"ఆడు దెయ్యమైతే మరెవుడి పని చెడగొడతాడు? నాదే!" అని ఆయన నమ్మకం.

ఇంతకీ పని ఏమిటంటే — డ్రమ్ము అంచు చుట్టూ ముప్పై ఆరు బెజ్జాలు, అన్నీ సమాన దూరంలో. మూతకి బోల్టులు దిగడానికి. కంప్యూటర్లో ఒక్క బెజ్జం గీసి, ఎన్ని కావాలో చెప్తే చాలు, అదే గుండ్రంగా తిరుగుతూ అన్నిటినీ పరిచేస్తుంది. ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది కనకలత. సత్యారావు కూతురు. తండ్రి పోయాక, మూడు నెలల కోర్సు చేయించి ఓనరు ఇచ్చిన ఉద్యోగం.

తండ్రితో మాట్లాడని మనిషి కూతురితో ఎందుకు మాట్లాడతాడు? సాయంత్రం వచ్చి, తెర మీద వేలు పెట్టి లెక్కపెడతాడు. ముప్పై ఆరు అయితే తలూపి పోతాడు. పొద్దున్న బొమ్మ కాగితం మీదికి దిగాక మళ్ళీ లెక్కపెడతాడు.

రెండోసారి ముప్పై ఏడు వచ్చిన పూట ఓనరు సూర్యప్రకాష్ ఆ కాగితాన్ని ఆయన ముఖం ముందు ఆడించాడు.

"లెక్క చూసేది నువ్వే కదా మేస్త్రీ! రేపు ఏడింటికి డ్రిల్లింగు. మళ్ళీ తప్పొచ్చిందా, నీ కంపాసు సంచిలో పెట్టుకుని ఇంటికెళ్ళిపో. లెక్కపెట్టడం రాని మార్కర్ నాకెందుకు?"

లెక్కపెట్టడం రాదు!

నరసింగరావుకి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. చదువు రాదన్న మాటకే పన్నెండేళ్ళు పగబట్టిన మనిషి... లెక్క కూడా రాదంటే ఇక ఆయన దగ్గర మిగిలేదేమిటి?

ఆ సాయంత్రం ముప్పై ఆరూ లెక్కపెట్టి, ఇంటికి పోతున్నట్టే బయల్దేరి, వెనక్కి తిరిగొచ్చాడు. ఆ గదిలో ఇనప బీరువా చాటున, గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. చేతిలో సుత్తి.

"రారా సత్యారావూ... నీ సంగతో నా సంగతో తేలిపోవాలీవేళ."

తొమ్మిదయింది. పదయింది. యార్డులో వేగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న చప్పుడు. ప్లాంటు వైపు ఆకాశం ఒకసారి ఎర్రబడి, మళ్ళీ నల్లబడింది. పదకొండు...

కిర్ర్...

వెనక తలుపు. చీకట్లో ఏదో కదిలింది. చప్పుడు లేని అడుగులు. తల నిండా ముసుగు!

సుత్తి ఎత్తుదామంటే చెయ్యి లేవలేదు.

తెర వెలిగింది. నల్లటి తెర మీద పచ్చగా డ్రమ్ము అంచు. దాని మీద ఒక బెజ్జం... పక్కన ఇంకొకటి... ఇంకొకటి... ఎవరో లోపలనుంచి పొడుస్తున్నట్టు, ఒక్కొక్కటే, గుండ్రంగా... నరసింగరావు పెదాలు వాటంతటవే లెక్కపెట్టాయి. ముప్పై నాలుగు... ముప్పై అయిదు... ముప్పై ఆరు...

ముప్పై ఏడు!

"ఒరే!" అని కేకేసి, లేచి ఆ ముసుగు పట్టుకు లాగాడు.

"ఓలమ్మో!"

శాలువా చేతిలోకొచ్చింది. ఎదురుగా కనకలత.

"నువ్వటే! అయ్య పోయినా, పగ నీకప్పజెప్పి పోయాడేటే?"

"నాకేం పగ పెదనాన్నా—"

"నీకు నాను పెదనాన్నెప్పుడయ్యేను?"

ఆ మాటతో పిల్లకీ రోషం వచ్చింది. "మరి మీరు చేసిందేటి? ముప్పై ఆరు కనబడేదాకా నెత్తి మీద కూర్చుంటారు. ముప్పై ఆరు కొడితే ముప్పై అయిదే వస్తాయి కదా! డ్రమ్ము పాడైతే ఉద్యోగం పోయేది నాది. నన్ను గెంటించడానికే గదా? అందుకే నాన్న దగ్గరున్న వెనక తలుపు తాళంచెవితో వచ్చి సరిచేస్తన్నాను."

"ముప్పై అయిదొస్తాయని ఎవుడు చెప్పేడే?"

సంచిలోంచి నూనె మరకల కాపీ పుస్తకం తీసి తెర వెలుతుర్లో పట్టుకుంది. తండ్రి కాపీ. నరసింగరావు చదవగలిగిన అంకెలే — 24 ఎదురుగా 25. 36 ఎదురుగా 37. 48 ఎదురుగా 49.

చూశాడు. గుడ్లు పెద్దవయ్యాయి. తర్వాత చెయ్యెత్తి తన నుదురు తనే కొట్టుకున్నాడు.

"ఓసి తింగరిదానా! ఇది డ్రమ్ముకి చుట్టే కాగితం లెక్క."

పాత కాగితం అంచు పొడుగ్గా చింపి, దాని మీద అయిదు గుర్తులు పెట్టి, మంచినీళ్ళ లోటాకి చుట్టాడు. అయిదో గుర్తు వెళ్ళి మొదటి గుర్తు మీద కూర్చుంది. లోటా చుట్టూ నాలుగే.

"కాగితానికి చివరుంటాది. చుడితే, చివరది మొదటిదాని మీద పడతాది. అందుకే ఒకటెక్కువ పెడతాం. నీ డబ్బాలో కాగితం ఏదే? ముప్పై ఏడంటే ముప్పై ఏడూ పంచేస్తాది."

"అయితే తెర మీద..."

"లెక్కెట్టి చూడు!"

కనకలత నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి మొదటి బెజ్జం మీద అంటించింది. అక్కణ్ణుంచి వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. బొట్టు దగ్గరికి వచ్చేసరికి ముఖం పాలిపోయింది.

"ముప్పై ఏడు... మీరు మొదటిదాన్నే రెండుసార్లు లెక్కెట్టి నా మీద పడతన్నారనుకున్నాను."

"నాను? రెండుసార్లు?" దెయ్యం కనబడి ఉన్నా ఆయనకి అంత దెబ్బ తగిలుండేది కాదు. "ఏడిసేవులే! కొట్టు ముప్పై ఆరు."

కొట్టింది. పచ్చటి బెజ్జాలు మళ్ళీ మొదట్నుంచి వచ్చాయి. ఆయన లెక్కపెట్టాడు, ఆమె లెక్కపెట్టింది. ఇద్దరికీ ముప్పై ఆరే.

"ఓనరుకి చెప్పేస్తారా?"

"సెప్పనా మరి? లెక్క రానోడు ఎవుడో తెలియొద్దూ?" కాపీ వైపు చెయ్యి చూపించాడు. "మీ నాన్న బుద్ధి అంతే. అంకెలు రాసేడు, ఎందుకన్నది రాయలేదు. రెండు ముక్కలు రాస్తే ఆడి సొమ్మేటి పోయేది?"

కనకలత కాపీ మళ్ళీ వెలుతురుకి దగ్గరగా పట్టుకుంది. పేజీ అడుగున ఏవో నాలుగు వరసలు. పెదాలు కదుపుతూ లోలోపలే చదువుకుంది.

"ఏటుందే? పైకి చదువు."

"చివరది మొదటిదాని మీద పడతాది..." గొంతు గుసగుసలోకి దిగిపోయింది. "అనుమానమొస్తే నరసింగాన్ని అడుగు. నాకు నేర్పింది ఆడే."

నరసింగరావు ఆ పేజీ మీదికి వంగాడు. పన్నెండేళ్ళు... ఆ తర్వాత పాత కోపమే మళ్ళీ పైకి లేచింది.

"ఇంత సుబ్బరంగా రాసుంటే, చదూకుని కూడా నన్నడగలేదేటే?"

ఆమె కాపీ మీదినుంచి కళ్ళు తియ్యలేదు.

"నాన్న రాతే... కాని, నిన్న ఈ పేజీలో ఈ మాటలు లేవు పెదనాన్నా."

ఆయన బొటనవేలు ఆ అక్షరాల మీద పెట్టి, తీసి, తెర వెలుతుర్లో చూసుకున్నాడు.

వేలికి నీలం ఇంకు అంటుకుంది.