అరవై రెండు రౌండ్లు

"ఆగండి!"

పొద్దున్న అయిదుంపావు. ఇరవై తొమ్మిదో రౌండ్‌లో ఉన్నాను. మా అపార్ట్‌మెంట్ వెనక మలుపు తిరగగానే దారికి అడ్డంగా ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో సైకిల్ పంపు. అది పట్టుకున్న తీరు చూస్తే గాలి కొట్టడానికి తెచ్చినట్టు లేదు.

ఆగాను. అంటే, నిలబడ్డచోటే పరిగెత్తడం మొదలుపెట్టాను.

"ముందు ఆ గెంతడం ఆపండి," అంది. "మీరు ప్రతి రౌండ్‌కీ తలెత్తి నా బాల్కనీ వైపు చూస్తున్నారు. మొన్న అనుమానమొచ్చింది. నిన్న లెక్కపెట్టాను. ముప్పై ఏడు సార్లు!"

"ముప్పై ఎనిమిది," అన్నాను. రౌండ్ల లెక్క ఎవరైనా తప్పు చెబితే నాకు ఊరుకోబుద్ధి కాదు.

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. పంపు ఇంకాస్త పైకి లేచింది.

"ఒప్పుకుంటున్నారన్నమాట!"

"అయ్యో, అది కాదండీ. మీది రెండో అంతస్తు. నేను చూసేది మూడోది, మా ఇల్లు. లోపల మా పాప పడుకుని ఉంది. ఏడేళ్ళు. మెలకువొస్తే లైటు వేస్తుంది, లైటు కనిపిస్తే నేను పైకెళ్తాను. అందుకే రౌండ్‌కోసారి..."

"కథ బాగుంది. నేనేం చేస్తానో తెలుసా? కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తాను. పదేళ్ళ సర్వీసు. ఎవరి చూపు ఎటుందో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు."

సరిగ్గా అప్పుడే మూడో అంతస్తులో లైటు వెలిగింది. ఇంకేం మాట్లాడకుండా ఆవిడ పక్కనుంచి దూరి మెట్లకేసి పరుగు తీశాను. వెనకాల పంపు కింద పడ్డ చప్పుడు వినిపించింది.

ఆ సాయంత్రం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే ఆవిడే. ఈసారి చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంది.

"పదేళ్ళలో మొదటి తప్పు," అంది నేల చూపులు చూస్తూ. "ఒక అంతస్తు తేడా కొట్టింది. సారీ అండీ."

నా చెయ్యి కిందనుంచి మా పాప తల బయటికొచ్చింది. ఇంట్లో దాన్ని పిడుగు అని పిలుస్తాం. పిలుస్తాం అన్నాను గానీ, ఇంట్లో పిలిచేవాణ్ణి నేనొక్కణ్ణే. వాళ్ళమ్మ పోయి నాలుగేళ్ళయింది.

"నాన్నా, నిన్ను పంపుతో కొట్టబోయింది ఈ ఆంటీయేనా?"

"కొట్టలేదుగా!" అందావిడ. "అయినా ఆంటీ ఏంటి, అక్కా అను."

పిడుగు ఆవిణ్ణి పైనుంచి కిందదాకా చూసింది. "ఆంటీయే," అని తేల్చేసింది. "బాల్కనీలో కదలని సైకిలు తొక్కేది మీరేగా? ఎక్కడికీ వెళ్ళనిది ఎందుకు తొక్కడం?"

"రోడ్డు మీద పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నానమ్మా. అప్పట్నుంచి రోడ్డంటే భయం. స్టాండుకి బిగించుకుని తొక్కుతున్నా." నా వైపు తిరిగింది. "మీరేం చేస్తుంటారు?"

"లిఫ్ట్ మెకానిక్‌ని."

"అంటే పగలంతా పైకీ కిందకీ, పొద్దున్నేమో చుట్టూ. మరి ముందుకెప్పుడు వెళ్తారు?"

సరదాకే అంది. నేనూ నవ్వాను. ఆవిడ వెళ్ళిపోయాక గిన్నెలు తోముతూ, తోమిన గిన్నెనే మళ్ళీ తోముతున్నానని కాసేపటికి గానీ గమనించలేదు.

మర్నాటి నుంచి నాకు కొత్త పేరొచ్చింది.

"గానుగ గారూ, ఎన్నో రౌండు?" రెండో అంతస్తులోంచి అరుపు. గానుగెద్దులా ఒకేచోట తిరుగుతున్నానని ఆ బిరుదు.

"పదిహేడు!"

"పద్దెనిమిది! ఇవాళ మీ లెక్కే తప్పు."

ఒకరోజు టేపు తెచ్చి బిల్డింగు చుట్టూ కొలిచింది. రౌండుకి మూడువందల నలభై మీటర్లు. రెండు నెలల్లో నేను పరిగెత్తబోయే రేసు ఇరవయ్యొక్క కిలోమీటర్లు. వేళ్ళు మడిచి లెక్కేసి, "అరవై రెండు రౌండ్లు! నాకు వింటేనే కళ్ళు తిరుగుతున్నాయి," అంది. "రోడ్డు మీద పరిగెత్తి ఎన్నాళ్ళయింది?"

"నాలుగేళ్ళు."

"అక్కడ ఇలా నిమిషానికో మలుపు ఉండదు గానుగ గారూ. కాళ్ళకి తిన్నగా పోవడం నేర్పాలి. ఇంట్లో నేనూ ఒక్కదాన్నేగా, ఆదివారం పిడుగు దగ్గర కూర్చుంటాను, మీరు వెళ్ళిరండి."

"వద్దండీ, నేను మేనేజ్ చేసుకుంటాను."

నాలుగేళ్ళలో నేను ఎక్కువసార్లు అన్న మాట అదే. స్కూలువాళ్ళతో అన్నాను, పక్కింటివాళ్ళతో అన్నాను. ప్రతి ఆదివారం ఫోన్ చేసి మనవరాలి గురించి అడిగే మా అత్తయ్యతోనూ అదే అంటాను. "ఎవరి సాయమూ లేకుండా ఎలా బాబూ?" అంటుందావిడ, కూతురు పోయిన దుఃఖం దిగమింగుకుంటూ. నా నోటినుంచి మాత్రం ఇంకో మాట రాదు.

రెండో అంతస్తు ఆవిడ మూడోసారి అడిగినప్పుడు పిడుగే జవాబిచ్చింది. "వెళ్ళు నాన్నా. నువ్వుంటే ఆంటీ నన్ను సైకిలు ఎక్కనివ్వదు."

వెళ్ళాను. తిన్నగా పోయే రోడ్డు చూస్తే కాళ్ళకి దిక్కు తోచలేదు. మొదటి కిలోమీటరంతా ఎడమవైపుకి లాగుతూనే ఉన్నాయి. రెండోది బాగుంది. మూడోదానికి నాకు తెలీకుండానే ఈల వేస్తున్నాను. నాలుగో కిలోమీటరు దగ్గర, ఊరికే ఒకసారి పాప గొంతు విందామని ఆవిడకి ఫోన్ చేశాను.

ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మూడోసారి కూడా ఎత్తకపోయేసరికి నాకు చెమటలోనే చలి పుట్టింది. జీవితంలో ఎప్పుడూ పరిగెత్తనంత వేగంగా వెనక్కి పరిగెత్తాను.

ఇంట్లో ఎవరూ లేరు. సోఫా మీద ఆవిడ ఫోను ఒక్కటే ఉంది. మెట్లు దూకుతూ రెండో అంతస్తుకి పోయాను. బాల్కనీలో సైకిలు సీటు మీద పిడుగు. కాళ్ళు అందక గాల్లో ఆడిస్తోంది. ఆవిడ కింద కూర్చుని చేతులతో పెడల్ తిప్పుతోంది. చక్రం రయ్యిమని మోగుతోంది. నా కూతురు పొట్ట పట్టుకుని నవ్వుతోంది. అది అలా నవ్వగా విని ఎన్నాళ్ళయిందో.

నేనూ నవ్వి ఉండాల్సింది.

"ఫోనెందుకు ఎత్తలేదు?" అని అరిచాను.

"అయ్యో, పైన మర్చిపోయినట్టున్నా. ఏమైందండీ?"

"ఏమైందా? నా ప్రాణం పోయింది! మీకో బిడ్డ ఉంటే తెలిసేది ఆ భయమేంటో!"

నరం లేని నాలుక. అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. చక్రం నెమ్మదిగా తిరిగి తిరిగి ఆగింది. ఆవిడ పిడుగుని దింపి, దాని జుట్టు సవరించింది.

"నిజమేనండీ," అంది. "లేరుగా, తెలీదు."

ఆ తర్వాత మూడు వారాలు బాల్కనీలో సైకిలు మీద దుప్పటి కప్పి ఉంది. నేను తిరుగుతూనే ఉన్నాను. పది, ఇరవై, ముప్పై. ఎన్నో రౌండని ఎవరూ అడగలేదు. ఆవిడ నా మీద మోపిన నేరం ఇప్పుడు నిజంగానే చేస్తున్నాను. ముందు రెండో అంతస్తు చూసి, ఆ తర్వాతే మూడోది చూస్తున్నాను.

నాలుగేళ్ళుగా నాకు అలవాటైపోయిన ఒంటరితనమే ఇది. కాకపోతే ఇదివరకు నేను పనుల్లో పడి దాన్ని మర్చిపోయేవాణ్ణి. ఇప్పుడు పాలు పొంగినా, బడిబ్యాగు సర్దినా, లిఫ్టుకి నూనె పెట్టినా అది నాతోనే ఉంటోంది. ఎవరితోనైనా మాట్లాడాలనిపించి ఫోను తీసేవాణ్ణి. ఎవరికి చెయ్యాలో తెలీక వాతావరణం చూసుకుని జేబులో పెట్టేసేవాణ్ణి.

"నాన్నా," అంది పిడుగు ఒకరోజు జడ వేయించుకుంటూ. "అరిచినవాళ్ళే సారీ చెప్పాలి. మా క్లాసులో అదే రూలు."

"ఆవిడ నాతో మాట్లాడదమ్మా."

"మాట్లాడక్కర్లేదుగా. నువ్వు చెప్తే చాలు. ఇంకో జడ వంకరగా వచ్చింది, చూసుకో."

సోమవారం భోజనం టైములో కళ్ళద్దాల షాపుకి వెళ్ళి కంటి పరీక్షకి చీటీ తీసుకున్నాను. నా వంతు వచ్చింది. చీకటి గదిలో ఆవిడ నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, కుర్చీ చూపించింది.

"గడ్డం ఇక్కడ పెట్టండి. నుదురు ఆనించండి."

"ఆ రోజు నేను..."

"గడ్డం కదపకండి."

కదపలేదు. యంత్రంలో లైటు కంట్లోకి కొట్టింది. కూడగట్టుకుని వచ్చిన మాటలన్నీ పళ్ళ వెనకే ఉండిపోయాయి.

"ఇప్పుడు ఎడమ కన్ను మూసుకుని ఆ కింద లైను చదవండి."

"నేనన్నది చాలా తప్పు. నన్ను క్షమించండి."

"ఆ లైన్లో అలా లేదండీ."

"తెలుసు. అయినా చదువుతాను." ఎడమ కన్ను మూసుకునే ఉన్నాను. అలాగైతేనే చెప్పగలిగేలా ఉన్నాను. "వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉన్న రోజు నేను లిఫ్టు గోతిలో పనిచేస్తున్నాను. అక్కడ సిగ్నల్ ఉండదు. బయటికొచ్చి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అప్పట్నుంచి ఫోను ఎత్తకపోతే నేను మనిషిని కాదండీ. అది మీ తప్పు కాదు. పిడుగు ఆ రోజు ఎంత నవ్విందో చూశాను కూడా. చూసి కూడా అన్నాను."

ఆవిడ యంత్రంలో లైటు ఆర్పింది. గోడ మీద అక్షరాలు మాత్రం వెలుగుతున్నాయి.

"నాకు కోపం కాదు," అంది. "అది నవ్వుతుంటే ఫోను సంగతే మర్చిపోయానండీ. మీరన్నాక, నిజంగా నాకు పిల్లల్ని చూసుకోవడం చేతకాదేమో అనిపించింది. ఇంటికెళ్ళి ఏడ్చాను కూడా."

"చేతకాదని ఎవరన్నారు? నేనైనా ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను." కళ్ళు రెండూ తెరిచాను. "ఈ ఆదివారమే రేసు. పిడుగు దగ్గర ఉంటారా? నా ఒక్కడి వల్ల కావట్లేదు."

ఆ మాట అన్నందుకు నాకే ఆశ్చర్యమేసింది. ఆకాశం విరిగి పడలేదు. ఆవిడ చీటీ మీద ఏదో రాసి నా చేతిలో పెట్టింది.

"చూపు శుభ్రంగా ఉంది. అద్దాలక్కర్లేదు. నాలుగున్నరకి వస్తాను. ఫోను మోగకపోతే మేం బాగున్నట్టు. మాటిమాటికీ తీసి చూసుకుంటూ పరిగెత్తకండి."

రేసులో తొమ్మిదో కిలోమీటరు దగ్గర వాన మొదలైంది. చిన్నగా మొదలై, మా అందరి మీదా పగబట్టినట్టు కురిసింది. బూట్లలో నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి. పద్నాలుగో కిలోమీటరు దగ్గర ప్లాస్టిక్ కవర్లోంచి ఫోను తీశాను. కాల్ ఏమీ లేదు. వేలు ఆవిడ నంబరు మీదకి వెళ్ళింది. చెయ్యలేదు, లోపల పెట్టేశాను. పదిహేడు దగ్గర ఇంకోసారి తీసి, చూడకుండానే పెట్టేశాను. ఆ రెండోసారి నాకు ఇరవయ్యొక్క కిలోమీటర్ల కంటే కష్టమైంది.

ముగింపు గీత దాటాను. మెడలో పతకం వేశారు, చేతిలో అరటిపండు పెట్టారు. చుట్టూ తడిసిన జనం, వాళ్ళ వాళ్ళని పట్టుకుని ఫొటోలు. పక్కనున్నాయన నేనొక్కణ్ణే నిలబడి ఉండటం చూసి, "మీవాళ్ళు రాలేదా?" అని అడిగాడు. "ఇంట్లో ఉన్నారు," అన్నాను. అని, ఆ మాట బస్సెక్కేదాకా తలుచుకుంటూనే ఉన్నాను.

చప్పుడు చెయ్యకుండా తలుపు తీశాను. ఆవిడ సోఫా మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పిడుగు తల పెట్టుకుని నిద్రపోతోంది. నుదుటి మీద తడిగుడ్డ ఉంది.

"ఉష్," అంది ఆవిడ. ఆ కళ్ళలో భయం ఉంది, మళ్ళీ అరుస్తానేమోనని. "ఆరింటికి ఒళ్ళు కాలింది. నూటొకటి. మందు వేశాను. ఇప్పుడు తగ్గిపోయింది."

"నాకు ఫోన్..." అని ఆగాను.

"చేద్దామనే తీశాను. ఏ మందు పడుతుందో తెలీక ముందు ఫ్రిజ్ మీదున్న నంబరు చూసి మీ అత్తయ్యగారికి చేశాను. ఆవిడే అంతా చెప్పారు. మీకు చెయ్యనా అని అడిగితే, 'వద్దమ్మా, నాలుగేళ్ళకి ఇవాళ తనకోసం గడప దాటాడు, పూర్తిగా పరిగెత్తి రానీ. నువ్వున్నావుగా' అన్నారు." పిడుగు నుదుటి మీది గుడ్డ తిప్పి వేసింది. "నన్ను చూడనైనా చూడలేదండీ ఆవిడ. అయినా అంత మాటన్నారు."

నేను నేల మీద చతికిలబడ్డాను. అరవలేదు. పిడుగు చెయ్యి తీసుకుని చూశాను. చల్లగా ఉంది. నా బట్టల్లోంచి నీళ్ళు కారి చిన్న మడుగు కట్టింది.

"ఏడుస్తున్నారా?"

"వాన."

"ఇంట్లో కూడానా?" నవ్వబోయి ఆపుకుంది. "మీరొచ్చేశారుగా, నేను వెళ్తాను. కాకపోతే మీ కూతురు నా టీషర్టు పట్టుకుని వదలట్లేదు. కాలు తిమ్మిరెక్కి గంటయింది."

"లేవకండి."

"ఎంతసేపని?"

"ఇవాళొక్కరోజని కాదు," అన్నాను. "రేపూ ఎల్లుండీ కూడా ఉండండి. మీరంటే నాకు చాలా ఇష్టం. మీరు మాట్లాడని ఆ మూడు వారాలూ ఈ ఇంట్లో ఉండలేకపోయాను. ఉండిపోండి."

ఆవిడ నన్నే చూసింది. తర్వాత చెయ్యి చాపి, తడిసిన నా జుట్టు పక్కకి తోసి, నుదుటి మీద అరచెయ్యి ఆనించింది.

"జ్వరంలో అనట్లేదు కదా?"

"చూసి మీరే చెప్పండి."

"లేదు," అంది. చెయ్యి మాత్రం తియ్యలేదు. "ఉంటాను."

"నాన్నా," అంది పిడుగు కళ్ళు తెరవకుండానే. "గట్టిగా మాట్లాడకు. ఆంటీ కదిలితే నాకు మెలకువొచ్చేస్తుంది."

అందుకని మధ్యాహ్నం దాకా ఆవిడ కదల్లేదు. నేనే లేచి బట్టలు మార్చుకుని, ముగ్గురికీ పాలు కాచాను.