సిగ్నల్ దగ్గర వణికే కారు

"అమ్మ ఒప్పుకుంది. సాయంత్రం నాలుగింటికి నిన్ను చూడ్డానికి షెడ్డుకే వస్తానంది."

ఫోన్‌లో ఆ మాట వినేసరికి ఆమె ఒక కారు కింద వెల్లకిలా పడుకుని ఉంది. ఆనందం పట్టలేక లేవబోయి నుదురు కొట్టుకుంది. నొప్పి తెలియలేదు. పడుకున్నచోటే కాళ్ళు రెండూ టపటపా ఆడించింది. పక్క బండి దగ్గరున్న తండ్రికి కూతురి బూట్లు మాత్రమే కనిపించాయి. ఆయన తలూపి తన పని చేసుకున్నాడు. మూడు నెలలుగా ఆ షెడ్డులో ఆయనకు తెలియని సంగతేముంది కనుక.

ఫోన్ చేసినవాడిది కళ్ళద్దాల షాపు. ఆమె పెట్టిన పేరు అద్దాలబ్బాయి. పరిచయమే గొడవతో మొదలైంది. ఆగి ఉన్నప్పుడు కారు వణుకుతోందని అతను వచ్చాడు. ఆమె ప్లగ్గులు మార్చి ఇచ్చాక కూడా వణుకు పోలేదన్నాడు. ప్లగ్గులు మార్చాను కదా, వణికేది మీ చెయ్యేమో చూసుకోండి అందామె. అతను అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఆమెనే చూస్తూ, నిజమేనండీ, చెయ్యి కూడా వణుకుతోంది అన్నాడు. ఆ 'కూడా' దగ్గరే ఆమె పనైపోయింది.

"తిరిగి వెళ్ళేది మాత్రం మన కారులోనే అట," అన్నాడతను ఫోన్‌లో, కాస్త గొంతు తగ్గించి. "ఆ అమ్మాయి ఏం బాగుచేసిందో కూర్చుని చూస్తానంది."

అప్పుడు ఆగిపోయాయి ఆమె కాళ్ళు. ఎందుకంటే ఆమె పడుకున్నది ఆ కారు కిందే. అది రావడం మూడోసారి. మొదట ప్లగ్గులు మార్చింది. పోయిన వారం ఇంజన్ కూర్చునే రబ్బరు మౌంటింగులు మార్చింది. దాంతో వణుకు తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. అతని తల్లి దర్జీ పని చేస్తుంది. ఎర్ర లైటు పడితే చాలు, కారు వణుకుకి కళ్ళు తిరిగి తలుపు పట్టుకు కూర్చుంటుంది. మొన్న రెండో సిగ్నల్ దగ్గరే దిగిపోయి ఇంటికి నడిచి వెళ్ళిందట. కొడుకుని బుట్టలో వేసుకున్నంత సులువుగా కారు బాగుపడదు కాబోలు అని ఒక మాట కూడా వదిలిందట.

పన్నెండింటికల్లా అద్దాలబ్బాయి వానలో తడుస్తూ వచ్చేశాడు. షాపు తలుపు సగమే మూసి వచ్చినట్టున్నాడు. ఆమె అతన్ని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి ఇంజన్ ఆన్ చేయించింది. గాలి గొట్టాలన్నీ తడిమి చూసింది, ఎక్కడా లీకు లేదు. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటీ చూసింది, నాలుగు సిలిండర్లూ సరిగ్గా మండుతున్నాయి. కాస్త యాక్సిలరేటర్ తొక్కితే వణుకు మాయం. కాలు తీస్తే సీటూ, అద్దాలూ, అద్దాల వెనక అతని కళ్ళూ అన్నీ ఊగుతున్నాయి. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

చెయ్యి తీసి ఇంజన్ మీద పెట్టింది. అక్కడ వణుకు పెద్దగా లేదు. డోరు మీద పెట్టింది. అక్కడ జరజరలాడుతోంది.

అంటే ఇంజన్ బాగానే ఉంది. ఆ కొద్దిపాటి వణుకుని మింగాల్సిన మౌంటింగులే దాన్ని మోసుకొచ్చి బాడీకి అంటిస్తున్నాయి. కొత్తవే. మరెందుకు? ఆలోచిస్తూ పోయిన గురువారం దగ్గర ఆగింది. ఆ రోజు ఇంజన్ జాకీ మీద ఎత్తి ఉంది. ఇతను పక్కన నిలబడి, ఇవాళ అమ్మతో చెప్పేస్తున్నా అన్నాడు. ఆ మాటకి ఒళ్ళు తెలియక, ఇంజన్ దించకుండానే బోల్టులన్నీ బలమంతా పెట్టి బిగించేసింది. బరువు కుదురుకున్నాక బిగించాల్సినవి. రబ్బరు మెలి తిరిగి రాయిలా బిగుసుకుపోయింది. తండ్రి తనకు నేర్పిన మొదటి పాఠం అదే.

చెవులదాకా ఎర్రబడి విషయం చెప్పింది. అద్దాలబ్బాయి మొహం వెలిగిపోయింది. అంత సంతోషపడ్డావా అని రెండుసార్లు అడిగాడు. తర్వాత తల్లి గుర్తొచ్చి, పార్టు మంచిది కాదని చెప్పేద్దాం అన్నాడు. కుదరదంది.

బోల్టులన్నీ వదులు చేసేసరికి మూడయింది. సరిగ్గా అప్పుడే గొడుగు మూస్తూ అతని తల్లి లోపలికొచ్చింది, గంట ముందు.

"ఇంకా అవలేదా?" అంది, బానెట్ కేసి చూస్తూ. "తప్పెక్కడుంది?"

అద్దాలబ్బాయి నోరు తెరిచేలోగా ఆమె చెప్పేసింది. "నా దగ్గరేనండీ. మీతో చెప్తానని ఈయన అన్న రోజు, ఇంజన్ దించకుండానే బోల్టులు బిగించేశాను. కంగారులో."

తండ్రి పానా పట్టుకుని ఇటు వచ్చాడు. పెద్దావిడ ఒక స్టూలు లాక్కుని కూర్చుంది.

"వీళ్ళ నాన్న మొదటిసారి చొక్కా కుట్టమని గుడ్డ తెచ్చినప్పుడు," అంది తాపీగా, "రెండు చేతులూ ఎడమవే కుట్టాను. ఆ మనిషి అలాగే తొడుక్కుని రెండు రోజులు తిరిగాడు. నేనే విప్పి మళ్ళీ కుట్టి ఇచ్చాను. నువ్వూ కానియ్, చూస్తాను."

ఆమె ఇంజన్‌ని దాని బరువు మీదే కూర్చోనిచ్చి, కాసేపు నడిపించి, అటూ ఇటూ కదిపి, అప్పుడు బిగించింది. తర్వాత స్టీరింగ్ ముందు కూర్చుంది. పెద్దావిడ పక్క సీట్లో కూర్చుని, అలవాటు కొద్దీ తలుపు పట్టుకుని, కళ్ళు మూసుకుంది.

"స్టార్ట్ చెయ్యమ్మా," అంది కాసేపటికి.

"చేసి రెండు నిమిషాలైందండీ."

పెద్దావిడ కళ్ళు తెరిచింది. తలుపు మీద చెయ్యి మెల్లగా తీసి, గ్రీజు అంటుకున్న ఆమె చేతిని పట్టుకుంది. వదల్లేదు. అలాగే కిటికీలోంచి ఆమె తండ్రిని పిలిచింది.

"అన్నయ్యగారూ, రేపు పదింటికి మావాడు ఈ కారు తెచ్చి ఇక్కడ పెడతాడు. మీరు వెనక కూర్చోండి, అమ్మాయే నడుపుతుంది. భోజనం మా ఇంట్లో. పెళ్ళి తారీఖు భోజనాలయ్యాక చూసుకుందాం."

తండ్రి పానా కింద పెట్టి, రేపు షెడ్డుకి సెలవు అని ప్రకటించాడు.