ఎడమ వైపు నుంచి వచ్చినవాడు

షార్షెన్ నోరు పడిపోను! పండగ మైదానంలో నలుగురూ వింటుండగా, "గుడ్డిపిల్లను పట్టుకుని మగాణ్ణనుకుంటున్నాడు వీడు" అన్నాడు. ఆ పిల్ల, బురులై, వాడికి సొంత మేనకోడలు. తనను అన్న ఆ మాటను టోక్తోసున్ ఈనాటికీ మింగలేకపోతున్నాడు.

పండగ పందెం అది: ముందు అమ్మాయి గుర్రం, వెనక అబ్బాయి గుర్రం. అందుకుంటే ముద్దు. అందుకోలేకపోతే తిరుగుదారిలో ఆమె కొరడా, అతని వీపు. నరీన్ లోయలో బురులైని అప్పటిదాకా ఎవడూ అందుకోలేదు. టోక్తోసున్ ఎడమపక్క నుంచి దూసుకొస్తే ఆమె తలైనా తిప్పలేదు. మనసుపడి చిక్కిందనుకున్నాడు పిచ్చోడు! ముద్దుపెట్టి ఊరంతా చెప్పుకున్నాడు.

షార్షెన్ మాట విన్నాక పరుగున ఆమె గుడారానికి వెళ్ళాడు.

"నీ కంటికి ఏమైంది?"

"చిన్నప్పట్నుంచీ షుగర్. కంటిలో రక్తనాళాలు చిట్లాయి. ఎడమ కంటికి నల్లటి తెర. ఆ తెర చాటు నుంచి వచ్చావు, దొంగలా!"

"నాకు తెలీదు."

"తెలిస్తే ఏం చేసేవాడివి?"

"కుడివైపు నుంచి వచ్చి, బుద్ధిగా తన్నులు తినేవాణ్ణి."

బురులై నవ్వు ఆపుకుంది.

మర్నాడు మైదానం మధ్యలో నిలబడి అరిచాడు. "నేను గెలవలేదు! ఆమెకు కనబడని పక్క నుంచి వచ్చాను. బురులై, ఇదిగో నా వీపు!"

"నిలబడ్డవాణ్ణి కొడితే నా కొరడాకే అప్రతిష్ఠ. మళ్ళీ పరుగెత్తు."

కానీ కంటికి లేజర్ చికిత్స చేయించుకోకుండా గుర్రమెక్కితే కుడి కన్నూ పోతుందన్నాడు డాక్టర్. టోక్తోసున్ డబ్బు తెచ్చాడు.

"నీ దానం నాకొద్దు" అంది.

"దానమెవడు చేశాడే? నా దెబ్బలు నాకు రావాలి. నువ్వు చూస్తుండగా ఓడిపోవాలి. ఆ మాత్రం హక్కు లేదా నాకు?"

ఈసారి నవ్వు ఆగలేదు.

ఎడమ చూపు తిరిగి రాలేదు. కుడి కన్ను దక్కింది. షుగరూ అదుపులోకొచ్చింది. మరుసటి వేసవికి గుర్రమెక్కడానికి డాక్టర్ సరేనన్నాడు.

టోక్తోసున్ కుడివైపు నుంచి వచ్చాడు, గుర్రాన్ని నిజంగానే అదిలిస్తూ. బురులై చూసింది, గుర్రం డొక్కలో మడమ నొక్కింది. అతని నోట్లో దుమ్ము మిగిలింది.

తిరుగుదారిలో కొరడా వీపుమీద చెళ్ళుమంది.

"అబ్బా! మెల్లగా కొట్టవే!"

"ముద్దుకి వడ్డీ!"

షార్షెన్ తల దించుకున్నాడు. టోక్తోసున్ తల్లి అక్కడే, జనం మధ్యలోనే, బురులై చెవులకు వెండి జూకాలు పెట్టి కోడల్ని చేసుకుంది.

"కన్ను సరిగాలేని పిల్ల కోసం ఏం పోగొట్టుకున్నావురా?" అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. టోక్తోసున్ రొమ్ము విరుచుకునే చెబుతాడు: ఆ లేజర్ కోసం అమ్మేసిన ఏటి ఒడ్డు గడ్డినేల, రెండున్నర హెక్టార్లు.